ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి

బడులు తెరిచాక జూన్, జూలై నెలల్లో ప్రతి తరగతి గదిలోనూ ఒక పని తప్పదు. స్కాలర్‌షిప్పుల లెక్క, కుల ధ్రువీకరణ పత్రాల లెక్క, ఆధార్ లెక్క పైకి పంపాలి. సారుకు ఊపిరి సలపదు. రిజిస్టరు చేతబట్టుకుని, “ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి. సరే, కూర్చోండి. ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి. నువ్వు లంబాడానా, కోయనా?” అని అడిగేస్తారు. రెండు నిమిషాల్లో పని తెమిలిపోతుంది. ఆయన మనసులో దురుద్దేశం ఉండనక్కర్లేదు. పిల్లలకు రావలసిన డబ్బు రాకుండా పోకూడదన్నదే తాపత్రయం. కానీ ఆ రెండు నిమిషాల్లో నిలబడ్డ పిల్లలు ఒకటి నేర్చుకుంటారు, కూర్చున్న పిల్లలు ఇంకొకటి నేర్చుకుంటారు. సారు చెప్పదలచుకోని పాఠమది. బాలల మనస్తత్వ శాస్త్రం కొన్ని దశాబ్దాలుగా తవ్వి చూస్తున్నది సరిగ్గా ఇలాంటి పాఠాలనే.

ముదిగొండ ఖమ్మం నగరానికి దక్షిణాన ఉన్న మైదాన మండలం. పత్తి, మిర్చి, వరి పండే నేల. అడవి ఇక్కడికి దూరమే. అయినా మిర్చి కోతలు మొదలయ్యాయంటే అడవి జనమే ఇక్కడికి దిగి వస్తారు. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా భద్రాచలం ఏజెన్సీ నుంచి, ఆపైన ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఖమ్మం చేలకు కూలికి వస్తాయి. పిల్లల్నీ వెంటబెట్టుకుని వస్తాయి. చేల గట్లమీద గుడారాలు లేస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత ఖమ్మం జిల్లాలో ఎస్టీలే 27 శాతం పైగా ఉన్నారు. అంటే ఇక్కడి అంగన్‌వాడీలో చాప మీద కూర్చున్న నాలుగేళ్ల పిల్ల చుట్టూ రెండు మూడు భాషలు, నాలుగైదు కులాలు, రెండు మతాలు ఉండడం వింత కాదు. వైవిధ్యం గురించి ఆ పిల్లకు వేరే బొమ్మల పుస్తకం తెచ్చి చూపక్కర్లేదు. ఆ వైవిధ్యంలో ఎవరికి ఎంత విలువో ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుంటోందన్నదే చూడాలి.

పెద్దవాళ్లు అనుకునేది ఒకటుంది: పిల్లలకు ఇవేవీ తెలియవు, వాళ్లవి తెల్లకాగితాల్లాంటి మనసులు, ఎవరో విషం నూరిపోస్తేనే ద్వేషం పుడుతుంది. ప్రయోగాలు ఈ మాటను నిలబడనివ్వలేదు. బ్రిటన్‌లో డేవిడ్ కెల్లీ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో, అప్పుడే పుట్టిన శిశువులు ఏ జాతి ముఖాన్నైనా ఒకేలా చూశారు. మూడు నెలలు నిండేసరికి తాము రోజూ చూసే ముఖాల్లాంటి ముఖాల వైపే ఎక్కువ సేపు చూడసాగారు. అది ద్వేషం కాదు, అలవాటు. కాకపోతే వేరుచేసి చూడడం ఎంత చిన్న వయసులో మొదలవుతుందో అది చెబుతోంది. పిల్లలు లోకాన్ని గుంపులుగా విడగొట్టుకునే అర్థం చేసుకుంటారు. కుక్కా పిల్లీ, పండూ కాయా, మనవాళ్లూ పరాయివాళ్లూ. ఏ తేడాను పట్టించుకోవాలో, దేన్ని వదిలేయాలో మాత్రం వాళ్లకు తెలియదు. అందుకు పెద్దల వైపు చూస్తారు.

ఈ చివరి సంగతిని తేల్చినది అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన రెబెకా బిగ్లర్. 1990లలో ఆమె బృందం వేసవి బడికి వచ్చిన పిల్లలకు నీలం, పసుపు చొక్కాలు ఇచ్చింది. కొన్ని తరగతుల్లో టీచర్లు ఆ రంగుల్ని అసలు పట్టించుకోలేదు. మరికొన్ని తరగతుల్లో మాత్రం “నీలం పిల్లలూ, మీరు ఈ బల్ల దగ్గరికి రండి”, “పసుపు పిల్లలూ, ఇటు వరసలో నిలబడండి” అంటూ రోజంతా రంగు పేరుతోనే పనులు నడిపించారు. ఏ రంగునూ పొగడలేదు, ఏ రంగునూ తిట్టలేదు. కొద్ది వారాల తర్వాత అడిగి చూస్తే, రంగు పేరుతో పని నడిపిన తరగతుల్లో పిల్లలు తమ రంగువాళ్లే మంచివాళ్లని, తెలివైనవాళ్లని చెప్పారు. రంగుల్ని పట్టించుకోని తరగతుల్లో అదే చొక్కాలు, అదే తేడా కళ్లముందు ఉన్నా అంత పక్షపాతం పుట్టలేదు. 2001లో వచ్చిన మరో ప్రయోగంలో ఒక రంగువాళ్లే పోటీల్లో గెలుస్తున్నట్టు గోడలకు బొమ్మలు అతికించారు. టీచరు కూడా రంగు పేరు వాడిన గదుల్లోనే ఆ బొమ్మల ప్రభావం పిల్లల మీద పడింది.

ఇక్కడొకసారి ఆగి మన బడి చూసుకోవాలి. తేడా కంటికి కనబడడం ఒక్కటే చాలదు. పెద్దవాళ్లు ఆ తేడాను పనిలో వాడాలి. మగపిల్లల వరస, ఆడపిల్లల వరస. మగపిల్లలు బెంచీలు మోయండి, ఆడపిల్లలు ముగ్గులేయండి. ప్రార్థన నుంచి ప్రోగ్రెస్ కార్డు దాకా మన బడులు ఒక తేడాను ఎన్నిసార్లు వాడతాయో పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుని లెక్కపెడితే మనకే నవ్వొస్తుంది. లేసీ హిలియర్డ్, లిన్ లిబెన్ అనే పరిశోధకులు 2010లో ఇదే ప్రీస్కూలు పిల్లల మీద పరీక్షించారు. రెండు వారాల పాటు టీచర్లు “గుడ్ మార్నింగ్ బాయ్స్ అండ్ గర్ల్స్” అనడం, విడివిడిగా వరసలు కట్టించడం లాంటివి తప్ప మరేమీ చేయలేదు. ఆ రెండు వారాల్లోనే పిల్లలకు ఆడపనులు, మగపనులు అన్న పట్టింపు పెరిగింది. అవతలి లింగం పిల్లలతో ఆడుకోవడం తగ్గింది. 2017లో ‘సైన్స్’ పత్రికలో లిన్ బియాన్ బృందం ప్రచురించిన ఫలితం ఇంకా గుచ్చుకుంటుంది. “చాలా చాలా తెలివైన మనిషి” కథ చెప్పి అది ఎవరి కథో బొమ్మల్లోంచి ఎంచుకోమంటే, ఐదేళ్ల ఆడపిల్లలు ఆడబొమ్మను, మగపిల్లలు మగబొమ్మను చూపించారు. ఆరేళ్లు వచ్చేసరికి ఆడపిల్లల వేళ్లు మగబొమ్మల వైపు జరగడం మొదలైంది. ఒకటో తరగతిలో మార్కులు అమ్మాయిలకు తక్కువేమీ రావడం లేదు. అయినా తెలివి తమ సొత్తు కాదన్న అనుమానం లోపల నాటుకుంటోంది.

మరి కులం? అమెరికా చొక్కాలు మనకెందుకు అనేవాళ్ల కోసం కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో చేసిన ప్రయోగం ఉంది. 2006లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో దాని ఫలితాలు వచ్చాయి. ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని ఆరేసి మందిగా కూర్చోబెట్టారు. ముగ్గురు అగ్రకులాలవాళ్లు, ముగ్గురు దళితులు. కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముడి బొమ్మలిచ్చి, ఎన్ని విప్పితే అన్ని రూపాయలన్నారు. ఎవరి కులమూ చెప్పనప్పుడు ఇద్దరి లెక్కా సమానంగా వచ్చింది. వేరే గదుల్లో మొదట ఒక్కో పిల్లవాడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం పైకి చదివి, అవునా అని అడిగారు. పిల్లవాడు తలూపాడు. అంతే. ఆ గదుల్లో దళిత పిల్లలు విప్పిన చిక్కుముళ్లు దాదాపు ఐదో వంతు తగ్గిపోయాయి. మెదడు మారలేదు, కాగితం మారలేదు, రూపాయీ మారలేదు. పైకి చదివిన ఒక్క మాటే మారింది.

జూన్ నెలలో సారు పైకి చదివేదీ అదే మాట. కులం వివరాలు సేకరించవద్దని కాదు నా వాదన. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, గురుకుల సీట్లు ఆ వివరాల మీదే నడుస్తాయి. లెక్కలు లేకపోతే అన్యాయం కూడా కనబడదు. కానీ ఆ సమాచారం తీసుకోవడానికి నలభై మంది పిల్లల ఎదుట చదవడం ఒక్కటే దారి కాదు. ఫారం ఇంటికి పంపొచ్చు. తల్లిదండ్రుల సమావేశం రోజున ఒక్కొక్కరినీ పిలిచి రాయించుకోవచ్చు. రిజిస్టర్లో ఉన్నదాన్ని ఉన్నచోటే ఉంచి, తరగతిలో పేరుతోనే పిలవొచ్చు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, శిక్షణా అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరూ దీన్ని సంస్కరణగా లెక్కేయరు.

పిల్లల మీద ముద్ర వేసే ఈ మంత్రం ఎంత త్వరగా పనిచేస్తుందో అందరికంటే నాటకీయంగా చూపించినది అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో మూడో తరగతి టీచరు జేన్ ఇలియట్. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, 1968 ఏప్రిల్ 5న, ఆమె తన తరగతిని కళ్ల రంగును బట్టి రెండుగా చీల్చింది. ఒక రంగు కళ్లవాళ్లు గొప్పవాళ్లని చెప్పి, తర్వాత తిరగేసింది. 1970లో చిత్రీకరించిన తరగతిలో, “తక్కువ” ముద్ర పడిన రోజున ఒక గుంపుకు అక్షరాల కార్డులు చదవడానికి ఐదున్నర నిమిషాలు పట్టింది. “ఎక్కువ” అయిన రోజున అదే గుంపు రెండున్నర నిమిషాల్లో ముగించింది. ఈ కథ మన ఉపాధ్యాయ శిక్షణల్లో చెప్పడం నాకు ఇష్టమే. తరగతిలో చేసి చూడమని చెప్పడం మాత్రం ఇష్టం లేదు. ఇంటి దగ్గర, బావి దగ్గర, పెళ్లి బంతి దగ్గర ఆ ఆటను రోజూ నిజంగా అనుభవిస్తున్న పిల్లవాడికి బడిలో ఇంకోసారి నాటకంగా ఆడించడం క్రూరత్వం. ఆ ఆట తెలియనివాళ్లకే అది పాఠం.

చూపుతో పాటు చెవి కూడా పనిచేస్తుంది. కేథరీన్ కింజ్లర్, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆరు నెలల లోపు శిశువులే తమ భాష మాట్లాడిన మనిషి వైపు ఎక్కువసేపు చూశారు. పది నెలల పాపలు తమ భాషలో మాట్లాడిన మనిషి ఇచ్చిన బొమ్మనే అందుకున్నారు. ఐదేళ్లవాళ్లు స్నేహితుల్ని యాసను బట్టి ఎంచుకున్నారు. ఆ తర్వాతి ప్రయోగంలో అమెరికా తెల్లపిల్లలు పరాయి యాస తెల్లపిల్లల కన్నా తమ యాసలో మాట్లాడే నల్లపిల్లల్నే స్నేహితులుగా కోరుకున్నారు. యాస రంగును దాటేసింది. ఖమ్మం జిల్లా బడిలో దీని అర్థం చెప్పనక్కర్లేదు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల బళ్లో తెలుగు ఒత్తులు పలకలేకపోతే ముందు నవ్వేది పక్క బెంచీ, తర్వాత ఒక్కోసారి టీచరు కూడా. లంబాడీ అయితే ద్రావిడ భాష కూడా కాదు, రాజస్థానీకి చుట్టం. ఆ తండా పిల్లకు తెలుగు వాచకం మొదటి రోజునుంచే పరాయి భాష. కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ పిల్లల సంగతి చెప్పేదేముంది!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో మొదలుపెట్టిన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ నొప్పికి పుట్టిందే. కోయ, గోండి, కొలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా, ఇలా ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారుచేసి, పిల్లలకు మొదట ఇంటిభాషలో చదువు చెప్పి మెల్లగా తెలుగులోకి, ఇంగ్లీషులోకి నడిపించాలన్నది దాని ఆలోచన. ఊళ్లోని పాటలు, పంటలు, పండుగలు పాఠాల్లోకి వచ్చాయి. దీన్ని సాధారణంగా చదువు మెరుగుపరిచే పథకంగానే చూస్తాం. నా దృష్టిలో దాని రెండో ప్రయోజనం మొదటిదానికంటే చిన్నదేమీ కాదు. కోయ మాట నల్లబల్ల మీద కనబడిందంటే, కోయ పిల్లే కాదు, పక్కన కూర్చున్న తెలుగు పిల్ల కూడా ఆ భాష రాయదగినదని తెలుసుకుంటుంది. మైదానపు బడుల్లోకి అది రాకపోవడమే లోటు. ముదిగొండలాంటి చోట కోయ అక్షరాలు పూర్తిగా నేర్పనక్కర్లేదు. నీళ్లను, అన్నాన్ని, అమ్మను మీ ఇంట్లో ఏమంటారని అడిగి, ఆ మాటల్ని పిల్లలందరిచేతా పలికించి, బల్ల మీద రాస్తే చాలు. పలకలేక తడబడే వంతు ఆ రోజు తెలుగు పిల్లలది అవుతుంది.

తిట్లూ వెక్కిరింపుల కంటే లోతుగా దిగేవి మామూలు వాక్యాలు. “కోయోళ్లు అమాయకులు.” “లంబాడోళ్లు కష్టపడతారు.” “కోమట్లకు లెక్కలు బాగా వస్తాయి.” వీటిలో కొన్ని పొగడ్తలే. పొగడ్త కదా, ఏం పోతుందిలే అంటాం. మార్జరీ రోడ్స్, సారా-జేన్ లెస్లీ, క్రిస్టినా ట్వొరెక్ 2012లో ప్రచురించిన పరిశోధన చూస్తే ఆ ధీమా ఉండదు. వాళ్లు ‘జార్పీలు’ అనే లేని జనాన్ని కల్పించి బొమ్మల పుస్తకం చేశారు. రకరకాల రంగుల, వయసుల ఆడా మగా అందులో ఉన్నారు. కొందరు నాలుగేళ్ల పిల్లలకు “చూడు, ఈ జార్పీకి పురుగులంటే భయం” అని చదివారు. ఇంకొందరికి “జార్పీలకు పురుగులంటే భయం” అని చదివారు. బొమ్మ ఒకటే, గుణం ఒకటే. రెండో రకం వాక్యాలు విన్న పిల్లలు మాత్రం జార్పీతనం రక్తంలోనే ఉంటుందని, పుట్టిన పిల్లకూ అదే గుణం వస్తుందని నమ్మారు. ఇంకా తమాషా ఏమిటంటే, జార్పీలు స్వభావంలోనే వేరు అని ముందుగా నమ్మించిన పెద్దలు తమ పిల్లలకు ఆ పుస్తకం చూపిస్తూ తెలియకుండానే ఈ రెండో రకం వాక్యాలు ఎక్కువ వాడారు. నమ్మకం అలా ఒక తరం నోటి నుంచి ఇంకో తరం చెవికి దిగుతుంది. కులం పుట్టుకతో వచ్చే గుణమన్న నమ్మకం అందరికీ ఒకేలా ఉండదు కూడా. రామస్వామి మహాలింగం తమిళనాడులో చేసిన అధ్యయనంలో బ్రాహ్మణుల్లో ఆ నమ్మకం ఎక్కువగా, దళితుల్లో తక్కువగా కనిపించింది. ఎవరికి లాభమో వాళ్లకే గట్టిగా అనిపిస్తుందన్నమాట.

మంచి మనసున్న టీచర్లు చాలామంది దీనికి కనుక్కున్న విరుగుడు మౌనం. “మా బళ్లో కులం మాటే ఎత్తం. అందరూ సమానమే.” వినడానికి బావుంటుంది. ఇవాన్ ఏఫెల్‌బామ్ బృందం 2010లో ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లల మీద దీన్ని పరీక్షించింది. కొందరికి మనమంతా ఒకటే, తేడాలు చూడకూడదనే కథ వినిపించారు. మరికొందరికి తేడాలున్నాయి, అవి మంచివే అనే కథ వినిపించారు. ఆ తర్వాత నల్లపిల్లవాణ్ని, నల్లవాడు కాబట్టే, ఆటలో కావాలని పడగొట్టిన సంఘటన చెప్పి, ఏం జరిగిందో చెప్పమన్నారు. రెండో కథ విన్నవాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా అది వివక్ష అని గుర్తించారు. “అంతా ఒకటే” కథ విన్నవాళ్లలో దాదాపు సగం మందే గుర్తించారు. వాళ్లు ఆ సంఘటనను టీచరుకు చెప్పిన తీరు కూడా చప్పగా ఉండటంతో, విన్న పెద్దలకు జోక్యం చేసుకోవాలనిపించలేదు. మౌనం వివక్షను తగ్గించలేదు, చూసే కంటిని మూసింది. మధ్యాహ్నం భోజనానికి ఎవరో పిల్ల పళ్లెం పట్టుకుని దూరంగా జరిగితే, అది కనబడాల్సిన పిల్లలకే కనబడకుండా పోతుంది.

భోజనం మాట వచ్చింది కాబట్టి. ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరాట్ తదితరులు ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిపిన అధ్యయనం 2006లో పుస్తకంగా వచ్చింది. దాదాపు 38 శాతం గ్రామాల్లో దళిత పిల్లల్ని బడిలో వేరుగా కూర్చోబెట్టి తినిపిస్తున్నారని అది చెప్పింది. అంతకు ముందే, 2004 ఏప్రిల్‌లో, వంటమనుషుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది ఉపాధి కోసం వేసిన ఆర్డరులా కనిపిస్తుంది. అందులో మంచి మనస్తత్వ శాస్త్రం కూడా ఉంది. ఎవరు ఏ పనిలో కనబడతారన్నది చూసి పిల్లలు ఆ పనికీ, ఆ మనిషికీ వెల కడతారు. బిగ్లర్ బృందమే 2003లో, అసలు లేని ఉద్యోగాల పేర్లు కల్పించి బొమ్మలు చూపిస్తే, నల్లవాళ్లు మాత్రమే చేస్తున్నట్టు గీసిన ఉద్యోగాలకు నల్లపిల్లలే తక్కువ హోదా ఇచ్చారు. ఆరేళ్లకే!

కాబట్టి బల్ల దగ్గర నిలబడేది ఎవరన్నది చిన్న విషయం కాదు. ఏజెన్సీ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగ సమ్మతం కాదంది. న్యాయశాస్త్రం సంగతి న్యాయవాదులు చూసుకుంటారు. ఒకటో తరగతి కోయ పిల్ల వైపు నుంచి చూస్తే, తన భాషలో అరిచి తన భాషలో బుజ్జగించే టీచరును చూడడం ఒక పాఠం. మైదానం నుంచి బస్సెక్కి వచ్చే టీచర్నే చూడడం ఇంకో పాఠం. అలాగే 2014 మే 25న నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణతో పాటు ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ పాత ఖమ్మం జిల్లా కుర్రాడే, సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థే. ఈ జిల్లా పిల్లలకు ఆ పేరు ఎంతమందికి చెబుతున్నాం? ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. ఒక్క వీరుణ్ని చూపిస్తే పిల్లలు “అతను వేరే, మిగతావాళ్లు అంతే” అనుకుంటారు. ఎవరెస్టు ఎక్కినవాడితో పాటు అగ్రికల్చర్ ఆఫీసరూ, లైన్‌మనూ, నర్సమ్మా, కథలు రాసే ఆమే కూడా కనబడాలి. పది మంది కనబడితే గానీ అచ్చు చెదరదు.

పుస్తకాల కొరత ఒకప్పుడున్నంత లేదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన పుస్తకం ఆదివాసీలతో మొదలుపెట్టి తోలుపనివాళ్లు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు మనకిచ్చిన విజ్ఞానం గురించి చెబుతుంది. దుర్గాబాయి వ్యామ్ దానికి బొమ్మలు వేసింది. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన పిల్లల కథల వరుసలో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు లాంటివాళ్ల కథలున్నాయి. దళిత ఇంట్లో, ముస్లిం ఇంట్లో పెరిగే పిల్లలు అక్కడ జాలిపడే పాత్రలు కాదు, అల్లరి పాత్రలు. పక్క మండలం నేలకొండపల్లిలో పుట్టిన రామదాసు కథ ఇక్కడి ప్రతి పిల్లకూ తెలుసు. ఆ కథ రామదాసుతో కాక, భద్రాచలం కొండ మీద విగ్రహాలను మొదట చూసిందని స్థలపురాణం చెప్పే పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీతో మొదలుపెట్టి చెప్పి చూడండి. భద్రాచలం వైపు నుంచి వచ్చిన పిల్ల కొంచెం నిటారుగా కూర్చుంటుంది.

కథలు ఒక్కటే చాలవు. పక్కపక్కన కూర్చోవాలి. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: ఊరికే కలిసినంత మాత్రాన పక్షపాతం కరగదు, సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, ఒకరితో ఒకరికి పనిపడాలి, పెద్దల మద్దతుండాలి. దీనికి ఇప్పుడు మన దేశంలోనే గట్టి రుజువులున్నాయి. ఢిల్లీలో 2007 నుంచి పెద్ద ప్రైవేటు బడులు పేదపిల్లలకు సీట్లివ్వాల్సి వచ్చింది. వాళ్లతో కలిసి చదివిన ధనవంతుల పిల్లల్ని గౌతమ్ రావు పరిశీలించాడు. ఆ పిల్లలు ఉదారంగా పంచారు, స్వచ్ఛంద పనులకు ముందుకొచ్చారు, రిలే పరుగుకు జట్టు ఎంచుకోమంటే పేదపిల్లవాణ్ని పక్కనపెట్టడం తగ్గింది. ఇంగ్లీషు మార్కులు కొంచెం తగ్గాయి, బూతులు కొంచెం పెరిగాయి. ఆ రెండింటికీ కంగారుపడే తల్లిదండ్రులు ఎక్కడైనా ఉంటారు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో మాట్ లో కులాలు కలిపి క్రికెట్ లీగు నడిపించాడు. వేరే కులం కుర్రాళ్లతో ఒకే జట్టులో ఆడినవాళ్లకు కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదుటి జట్టులో ఎక్కువగా తలపడినవాళ్లకు పెరగలేదు. బడి మైదానంలో “మా వాడ, మీ వాడ” అని జట్లు వేసుకోనిచ్చే పీఈటీ సారు దీన్ని గమనించాలి. జట్లు సారే కలపాలి.

చిన్నపిల్లలకు వివక్షను గుర్తించడం నేర్పాలంటే పెద్ద మాటలతో మొదలుపెట్టకూడదు. న్యాయం అన్యాయం అనే కొలత వాళ్ల దగ్గర ముందే ఉంది. అలెక్స్ షా, క్రిస్టినా ఓల్సన్ 2012లో చూపించినట్టు, ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు సమానంగా పనిచేసిన ఇద్దరిలో ఒకరికి మిగిలిపోయిన రబ్బరు ఇవ్వడం కన్నా దాన్ని చెత్తబుట్టలో వేయడానికే మొగ్గు చూపారు. ఆ కొలతను బయటికి తీసి లోకం మీద పెట్టించాలి. అమెరికాలో లూయిస్ డెర్మన్-స్పార్క్స్ బృందం 1989లో ప్రీస్కూలు పిల్లల కోసం రాసిన పాఠ్యప్రణాళిక ఈ పనే చేసింది. అందులో ఒక బడి పిల్లలు ‘ఒంటి రంగు’ అని రాసిన బ్యాండేజీని తలా ఒకటి చేతికి అంటించుకుని చూశారు. ఎవరి చేతికి కలిసిందో లెక్కపెట్టి కంపెనీకి ఉత్తరం రాశారు. మన పిల్లల క్రేయాన్ డబ్బాలోనూ ‘స్కిన్ కలర్’ అని పిలిచే లేత గులాబీ రంగు ఉంది. ఆ రంగు ఒళ్లు మన తరగతిలో ఎవరిదో తేల్చడం మంచి లెక్కల పీరియడ్ అవుతుంది. వాచకంలోని బొమ్మల్లో ఎంతమంది ఆడవాళ్లు వంటింట్లో, ఎంతమంది పొలంలో, ఎంతమంది కుర్చీలో ఉన్నారో గీతలు పెట్టి లెక్కిస్తే మూడో తరగతి పిల్లలకు పట్టికలూ వస్తాయి, సంగతీ తెలుస్తుంది.

ఇక పిల్లలు వేసే ఇబ్బందికరమైన ప్రశ్నలు. “టీచర్, వాళ్లు గుడారాల్లో ఎందుకుంటారు?” మిర్చి చేల పక్కనుంచి బడికి నడిచే పిల్ల ఈ ప్రశ్న వేయకపోతే ఆశ్చర్యం. “ష్, అట్లా అనొద్దు” అంటే ఆ ప్రశ్న నోట్లోంచి పోతుంది, బుర్రలోంచి పోదు. జవాబు తనే అల్లుకుంటుంది: వాళ్లంతే. నాడ్యా వసిల్యేవా, ఆలిసన్ గోప్నిక్, తానియా లొంబ్రోజో 2018లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. ఒక బడిలో అమ్మాయిలు ఎప్పుడూ ఒకే రకం బంతాట ఎందుకు ఆడతారని అడిగారు. అమ్మాయిలకు అదే ఇష్టం అన్నది ఒక జవాబు. ఆ గదిలో ఉన్న బుట్టల సైజు వల్లే అన్నది ఇంకో జవాబు. బుట్ట సంగతి కళ్లకు కట్టినప్పుడు ఐదారేళ్ల పిల్లలు స్వభావాన్ని వదిలి పరిస్థితిని పట్టుకోగలిగారు. కాబట్టి టీచరు చెప్పాల్సింది ఆ బుట్ట సంగతే. వాళ్లు మిర్చి కోతకు వచ్చారమ్మా. వాళ్ల ఇళ్లు ఇక్కడికి చాలా దూరం, రోజూ పోయి రాలేరు. ఇక్కడ వాళ్లకు ఉండటానికి ఎవరూ గదులు కట్టించలేదు. కోతలు అయిపోగానే వెళ్లిపోతారు. వాళ్ల పాప పేరు ఏంటో అడిగి రా.

ఆ పిల్ల ఊరుకోదు. “మరి వాళ్ల ఊళ్లో చేను లేదా? ఇంత దూరం ఎందుకు వచ్చారు?” అంటుంది. అక్కడ భూమి సంగతి మొదలవుతుంది. ముదిగొండలో దానికి జవాబు చెప్పలేనివాళ్లు తక్కువ. 2007 జూలై 28న భూమి కోసం, ఇళ్ల జాగాల కోసం ఆందోళన చేస్తున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయింది ఈ ఊళ్లోనే. ఆరేళ్ల పిల్లకు కాల్పుల గురించి చెప్పనక్కర్లేదు. కొందరికి చేను ఉంది, కొందరికి లేదు, లేనివాళ్లు అడిగారు అని చెబితే ఆ వయసుకు సరిపోతుంది. ఐదో తరగతికి వచ్చాక మిగతాది ఇంట్లో తాతనో అమ్మమ్మనో అడిగి రాసుకు రమ్మనవచ్చు. ఒక్కో ఇంటినుంచి ఒక్కో కథ వస్తుంది. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవడం ఆ తరగతి పని.